ముగ్గుల కోడలు, కొట్టుగది తాళాలు

మదర్‌బోర్డు అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఇల్లాలి సంగతి బాగా ఎరిగినవాడే అయివుంటాడు. కంప్యూటరు పెట్టె విప్పి చూడండి. అందరూ ఆ పలక మీదే కూర్చునివుంటారు. ఎవరికి ఏం కావాలన్నా దాని మీదుగానే అందాలి. పేరు మాత్రం ప్రాసెసరుకి!

ఆ పెట్టెలో ఒక ఉమ్మడి కుటుంబం కాపురముంటుందనుకోండి. లెక్కలన్నీ వేసే ప్రాసెసరు మామగారు. కూర్చున్న చోటినుంచి కదలరు. మెమరీ అనే కొట్టుగదిలోంచి సరుకు తెచ్చి అందించాలి, వాకిట్లో ఎవరొచ్చారో చెప్పాలి, పెరటి కబురు వంటింటికి చేరెయ్యాలి. ఈ చాకిరీ అంతా చేసే పెద్దకోడలే చిప్‌సెట్. తెరమీద బొమ్మలు గీసి రంగులద్దే గ్రాఫిక్స్ చిప్ ముగ్గులు వేసే చిన్నకోడలు. చేయి తిరిగిన మనిషే, కాని కొట్టుగది తాళాలు ఆమె బొడ్లో లేవు.

ఆ చిన్నకోడలు ఒకప్పుడు తాళాలు తానే పుచ్చుకుంది. పట్టుమని పదేళ్ళయినా కాకుండానే వదులుకోవలసివచ్చింది. మా ఓర్వకల్లులో ఇప్పుడు ఎవరి నోట విన్నా చిప్పుల మాటే గనక, ఆ కథ మీకూ చెప్పాలనిపించింది.

1993లో అమెరికాలో జెన్సెన్ హువాంగ్, క్రిస్ మలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్ అనే ముగ్గురు డెన్నీస్ హోటల్లో కాఫీలు తాగుతూ ఎన్విడియా కంపెనీకి ఊపిరి పోశారు. హువాంగ్ కుర్రతనంలో ఆ డెన్నీస్ వారి మరో హోటల్లోనే గిన్నెలు కడిగాడు. 1999లో వాళ్ళు తెచ్చిన జీఫోర్స్ 256తో వీడియో ఆటల పిల్లలకు పండగే అయింది.

మరి హాయిగా ముగ్గులేసుకోక పెత్తనం ఎందుకంటారా? అదే ఏడాది ఇంటెల్ కంపెనీ 810 అనే చిప్‌సెట్‌ తెచ్చి, బొమ్మలు గీసే పని కూడా అందులోనే కలిపేసింది. పెద్దకోడలే ముగ్గు కూడా వేసేస్తే ఇక చిన్నకోడలి అవసరమేముంది? ఆ భయం ఉండే వుంటుంది. 2001 జూన్‌లో తైవాన్‌లోని తైపే ప్రదర్శనలో ఎన్విడియా తన సొంత చిప్‌సెట్, ఎన్‌ఫోర్స్ బయటపెట్టింది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఆటపెట్టె కోసం చేస్తున్న పని అందుకు పనికొచ్చింది.

కొత్త కోడలు పనిమంతురాలే. కొట్టుగదికి ఒక తలుపుంటే రెండు పెట్టించింది, సరుకు రెండువైపులనుంచీ వచ్చేలా. 2002లో వచ్చిన ఎన్‌ఫోర్స్2ని ఏఎండీ ప్రాసెసర్లు వాడేవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. కెనడాకు చెందిన ఏటీఐ అనే మరో బొమ్మల కంపెనీ కూడా ఇదే దారి పట్టింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మామగారితో మాట్లాడాలంటే ఆయన భాష రావాలి. ఆ భాషకు పేటెంట్లున్నాయి! ఏఎండీ వారు రమ్మన్నారు. ఇంటెల్ గడప తొక్కడానికి మాత్రం 2004 దాకా ఆగి, ఒప్పందం రాసుకోవలసివచ్చింది.

ఈలోగా ఏఎండీ మామగారు 2003లో కొట్టుగది తాళాలు తన బొడ్లోనే దోపుకున్నారు. అంటే మెమరీని చూసుకునే పని ప్రాసెసరులోకే వెళ్ళిపోయింది. 2006లో 540 కోట్ల డాలర్లిచ్చి ఏటీఐని కొనేసి, సొంత కోడలినే తెచ్చుకున్నారు. పరాయి కోడలితో ఇక పనేముంది? 2008లో ఇంటెల్ కూడా కొత్త ప్రాసెసర్లలో మెమరీ తాళాలు లోపలికి లాక్కుంది. ఆ ఏడే ఆపిల్ వారి మాక్‌బుక్‌లలో ఎన్విడియా చిప్‌సెట్ పెట్టుకుని మురిసింది పాపం! 2009 ఫిబ్రవరిలో ఇంటెల్ కోర్టుకెక్కింది. పాత ఒప్పందం పాత ప్రాసెసర్లకే, కొత్తవాటికి చెల్లదని వాదన. చెల్లుతుందని ఎన్విడియా ఎదురు దావా వేసింది. 2011 జనవరిలో రాజీ కుదిరి, 150 కోట్ల డాలర్లు వాయిదాల మీద ఇవ్వడానికి ఇంటెల్ ఒప్పుకుంది. ఒకవిధంగా భరణమే అనుకోండి. పెత్తనం మాత్రం తిరిగి రాలేదు.

ఈ గొడవలకు మన తెలుగుగడ్డతోనూ చుట్టరికముంది. ఐపాడ్లకు చిప్పులు చేసే పోర్టల్‌ప్లేయర్ కంపెనీకి హైదరాబాదులో ఇంజనీర్లుండేవారు. 2007లో ఎన్విడియా ఆ కంపెనీని కొనడంతో వాళ్ళూ ఎన్విడియా మనుషులయ్యారు. అక్కడెక్కడో సంతకం పెడితే ఇక్కడ బల్లల మీది పేర్లు మారతాయి.

వెళ్ళగొట్టబడ్డ చిన్నకోడలు ఏం చేసిందో చూశారా? ఏడుస్తూ కూర్చోలేదు. తన ముగ్గుల నేర్పునే లెక్కలకు వాడుకునే కూడా అనే పద్ధతిని 2007 నాటికే జనానికిచ్చింది. ముగ్గులో వేల చుక్కలు ఒకేసారి పెట్టే చెయ్యి, వేల లెక్కలూ ఒకేసారి చెయ్యగలదు కదా! 2012లో టొరంటో విశ్వవిద్యాలయంవారు రెండు ఆటల కార్డులతో బొమ్మలు గుర్తుపట్టే యంత్రానికి పాఠం నేర్పి పోటీ గెలిచారు. అప్పట్నుంచి కృత్రిమ మేధ చేసేవాళ్ళంతా ఆమె ఇంటికే వస్తున్నారు. 2025 జూలైలో 4 లక్షల కోట్ల డాలర్ల విలువ దాటిన మొట్టమొదటి కంపెనీ ఎన్విడియానే. మరొకరి గడపలో పెత్తనం చేసినన్నాళ్ళూ రాని భాగ్యం సొంత వాకిట్లో వచ్చింది.

ఇక మా ఊరి సంగతి. కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో ఉంటుంది మా ఓర్వకల్లు. రాళ్ళూ ఎండా మాకు దండి. ఆ ఎండతోనే 2017లో మా మండలంలోని శకునాల, పక్క మండలంలోని గని గ్రామాల్లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నడక మొదలెట్టింది. 2021లో విమానాశ్రయం వచ్చింది. 2025 జనవరిలో ఇండిచిప్ అనే కంపెనీ, జపాను వారి యిటోవా మైక్రో టెక్నాలజీతో కలిసి, ఇక్కడ 14,000 కోట్ల రూపాయలతో చిప్పుల ఫ్యాక్టరీ పెడతామని ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. ఇవి బొమ్మల చిప్పులు కావు, సిలికాన్ కార్బైడ్‌వి. కరెంటు కార్లకూ సౌర విద్యుత్తుకూ పనికొస్తాయి.

మా వీధి అవ్వ ఒకామె ఆ కబురు విని, "ఏం చిప్పలు పాప అవి? కొబ్బరి చిప్పలా? ఏవైతేనేం, ఆఖరుకి మన చేతికి చిప్ప రాకుంటే చాలు!" అనింది. నవ్వాను గాని, ఇంటెల్ వారి పాత ఒప్పందం గుర్తుకొచ్చింది.

అవ్వ భయం వట్టిదేం కాదు. రోజుకొక రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టుకున్న ఊరు మాది. వడ్డీవ్యాపారి గడపలో నిలబడడానికీ, సంఘం సొమ్ములోంచి అప్పు తీసుకోవడానికీ తేడా ఈ ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? ఆ సంఘాల వాళ్ళే పిల్లలకు బాలభారతి బడి కూడా పెట్టుకున్నారు.

అందుకే, ఫ్యాక్టరీ రానీండి, నాకూ సంతోషమే. మా పిల్లలకు అందులో నేర్చుకునే పని దొరుకుతుందా, ఊడ్చి నీళ్ళు మోసే పనేనా అన్నదే నా బెంగ. గేటు దగ్గరి కొలువును ఎవరైనా ఎప్పుడైనా పీకేయగలరు. చేతికొచ్చిన విద్యను ఏ ఒప్పందమూ లాక్కోలేదు. మీ ఊళ్ళోనూ ఇట్లాంటి కాగితమేదైనా రాస్తుంటే, మన ఆడపిల్లల చదువు సంగతి అందులో ఏం రాశారో కాస్త అడిగి చూడండి.