రూపాయికొక అణా

మదరాసు రాజధానిలో 1871వ సంవత్సరమున స్థానిక నిధుల చట్టము వచ్చినది. పదునారు రూపాయల భూమిశిస్తు చెల్లించు రైతు, రూపాయికొక అణా లెక్కన, ఇంకొక రూపాయి వరకు సెస్సు కట్టవలసిన వాడయ్యెను. ఆ సొమ్ము బాటలకు, బడులకు, ఆసుపత్రులకు. నేడు తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలలో చేరియున్న హోసూరు, బళ్ళారి, బరంపురము సీమల తెలుగువారికిని, కృష్ణా గోదావరీ మండలముల వారికిని నాడు వర్తించిన చట్టమిదియే. ఈ రాజధాని పల్లెసీమలలో స్థానిక పరిపాలన తొలుత పన్ను రూపముననే ప్రజలకు పరిచయమైనది.

దీనికి మూలము కలకత్తాలో నున్నది. 1870 డిసెంబరులో మేయో ప్రభువు విద్య, వైద్యము, పోలీసు, జైళ్ళు, బాటలు మున్నగు శాఖలను రాష్ట్ర ప్రభుత్వములకు అప్పగించి, వాటి ఖర్చు నిమిత్తము ఇచ్చు మొత్తమును మాత్రము తగ్గించెను. లోటు పూడ్చుకొనుటకు రాష్ట్రములు జిల్లాల వైపు, జిల్లాలు రైతు వైపు చూచినవి. బరువు దిగివచ్చినంత వడిగా అధికారము దిగిరాలేదు. స్థానిక నిధి బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులు సర్కారు నియమించినవారు.

1882 మే 18వ తేదీ నాటి రిప్పన్ ప్రభువు తీర్మానము ఇంతకంటె ఉదారమైనది. పనులు చక్కబడుటకంటె ప్రజలకు రాజకీయ శిక్షణ కలుగుటయే ముఖ్యమని అది ప్రకటించినది. వీలైనచోట అనధికారులే అధ్యక్షులుగా నుండవలెనని కోరినది. 1884 నాటి మదరాసు చట్టము జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను, గ్రామ యూనియన్లను ఏర్పరచెను గాని కలెక్టరును కుర్చీనుండి కదల్పలేదు.

అయినను ఆ బోర్డులు చేసిన పనులు సామాన్యములు కావు. తంజావూరు జిల్లా బోర్డు ప్రత్యేక సెస్సు విధించి రైలుమార్గమునే నిర్మించెను. కృష్ణా జిల్లా బోర్డు పూనికతో 1908లో బెజవాడ–మచిలీపట్టణము మార్గము, గుంటూరు బోర్డు పూనికతో 1916లో తెనాలి–రేపల్లె మార్గము వెలసినవి. తన సొమ్ము తన చేతిలో నున్న జిల్లా ఎంతటి పనికి పూనుకొనగలదో చెప్పుటకు ఇవి చాలును. నేడు ఒక జిల్లా పరిషత్తు రైలు వేయుదునన్నచో నవ్వుదురు!

1920లో ద్విప్రభుత్వము వచ్చినది. స్థానిక స్వపరిపాలన శాఖ శ్రీకాళహస్తికి చెందిన తెలుగువాడు, పానగల్ రాజా రామరాయణింగారి చేతికి వచ్చినది. బాధ్యత మంత్రిది, ఖజానా తాళముచెవి మాత్రము గవర్నరు కార్యనిర్వాహక సభ్యునిది. ఆ యేటనే వచ్చిన నూతన చట్టము బోర్డులలో ఎన్నికకు చోటు పెంచినది. కాని ప్రభుత్వమునకు మిగిలిన నియామకాధికారము కక్షిరాజకీయములకు ఉపకరణమైనదని ప్రతిపక్షులు ఆక్షేపించిరి; ఆ ఆక్షేపణ నిరాధారమైనది కాదు. 1934లో తాలూకా బోర్డులు రద్దయినవి. పల్లెకు అందుబాటులోనున్న మెట్టు ఆ విధముగా ఊడిపోయినది.

స్వాతంత్ర్యానంతరము, 1953లో మైసూరునకు చేరిన బళ్ళారి, మిగిలిన కర్ణాటకముతోపాటు వేరొక ప్రయోగమును చూచినది. రామకృష్ణ హెగ్డే ప్రభుత్వమున అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా రూపొందించిన చట్టము ననుసరించి 1987లో జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిగినవి. అధ్యక్షునకు సహాయమంత్రి హోదా. పరిషత్తు ముఖ్యకార్యదర్శి డిప్యూటీ కమీషనరుకంటె పై అధికారి. పాఠశాలలు, ఆసుపత్రులు, వాటి ఉద్యోగులు, నిధులు పరిషత్తు క్రిందికి వచ్చినవి. కలెక్టరు కుర్చీ కదలుటకు నూరేండ్లు పట్టినదన్నమాట. అదియు ఎక్కువకాలము నిలువలేదు; 1992లో గడువు తీరిన జిల్లా సభలకు మరల ఎన్నికలు 1995లో గాని జరుగలేదు.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అయిదేండ్లకొక ఎన్నికను, అయిదేండ్లకొక రాష్ట్ర ఆర్థిక సంఘమును విధిగా చేసినది. ప్రాథమిక, మాధ్యమిక విద్యతో సహా 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పొందుపరచినది. అయితే అధికారములు, పన్నులు అప్పగించు విషయమున రాష్ట్ర శాసనసభలు ‘ఇయ్యవచ్చును’ అని మాత్రమే పలికినది. ‘విధి’ అన్న ఎన్నికయు ప్రతిచోట వేళకు జరిగినది కాదు. తమిళనాట 2016 అక్టోబరులో గడువు తీరిన గ్రామ పంచాయతీలకు 2019 డిసెంబరులోను, కొన్ని జిల్లాలలో 2021లోను ఎన్నికలు జరిగినవి. అంతవరకు ఊరి లెక్కలు చూచినవారు ప్రత్యేకాధికారులు.