రాయలు ఎవరి మనిషి? నా ఆలోచన మార్చిన పుస్తకాలు



మీ ఆలోచన మార్చిన పుస్తకాలు, సినిమాలు ఏవని మన సంఘం పిల్లలు అడుగుతుంటారు. నచ్చినవి చెప్పమంటే పెద్ద పట్టీ ఉంది. మార్చినవి అంటే మాత్రం అన్నీ ఒక్క విజయనగరం చుట్టూనే తిరుగుతాయి. 2021లో వేరే జిల్లా అయ్యేదాకా హంపి మన బళ్లారి జిల్లాలోదే కదా, రూపనగుడి వాళ్లకు అది పరాయి చరిత్ర కాదు.

మొదట సినిమాలే. 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చూసినవాళ్లకు రాయలంటే ఎన్టీఆర్. కన్నడ 'శ్రీకృష్ణదేవరాయ' (1970) చూసినవాళ్లకు రాజ్‌కుమార్. రెండు భాషలూ నడిచే మన వీధుల్లో ఇద్దరూ మన రాయలే. కానీ 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. గీత పడ్డాక రాయలు మావాడంటే మావాడని వాదులాట. చాలాకాలం నేనూ అందులో ఒక పక్షం.

తర్వాత చదివింది రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చువేసిన 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్'. ఆయన మన బళ్లారికి కలెక్టరుగా చేసినవాడు. పేస్, నూనిజ్ అనే పోర్చుగీసువాళ్లు రాసుకున్న విజయనగర వృత్తాంతాలను ఇంగ్లీషులో అందించింది ఈ పుస్తకమే. ఆ మేలు మరువలేం. కానీ ఆ రాజ్యాన్ని ఆయన తురకల దండయాత్రకు హిందువులు కట్టిన అడ్డుగోడగా చూపించాడు. ఆ చూపు నా బుర్రలో కూడా గట్టిగా దిగబడింది. తళ్లికోట పేరెత్తితే చాలు, కోపం వచ్చేది.

ఆ కోపానికి మొదటి ప్రశ్న మన బళ్లారి నుంచే వచ్చింది. బళ్లారిలో వకీలుగా ఉన్న కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) రామరాజు చరిత్రను నాటకంగా రాశాడు. ఆయనకు నాటకమంటే ఎంత పిచ్చంటే, 1908లో ప్రపంచ నాటక చరిత్రనే ఇంగ్లీషులో రాశాడు. ఆ రామరాజు నాటకంలో బళ్లారి రాఘవకు గొప్ప పేరు తెచ్చిన వేషం పఠాన్ రుస్తుం. విజయనగరం కూలిపోయిన కథలో మన ఊరి మహానటుణ్ణి జనం తలుచుకునేది పఠాను వేషంలో! ఎదుటి పక్షంవాడికీ ఒక మనసుంటుందని ఆలోచించడం నాకు అక్కడ మొదలైంది.

మిగతా పని ఇద్దరు పండితులు చేశారు. ఫిలిప్ వాగనర్ 1993లో మన 'రాయవాచకము'ను ఇంగ్లీషు చేశాడు. విజయనగర రాజులు 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదు పెట్టుకున్నారనీ, సురత్రాణ అంటే సుల్తానేననీ, కొలువులో కుళ్లాయి, కబాయి తొడిగేవారనీ ఆయన ఇంకో వ్యాసంలో వివరించాడు. రిచర్డ్ ఈటన్ 2005 నాటి దక్కన్ చరిత్రలో అళియ రామరాయల మీద ఒక అధ్యాయమే ఉంది. రామరాయలు మొదట గోల్కొండ కొలువులో పనిచేసి, తర్వాత రాయల దగ్గరికి వచ్చినవాడు.

గోల్కొండ అంటే ఇంకో మాట. 1565 జనవరిలో రామరాయలకు ఎదురు నిలిచిన సుల్తానులలో ఇబ్రహీం కుతుబ్ షా ఒకడు. గద్దెనెక్కకముందు ఆయన ఏడేళ్లపాటు తలదాచుకున్నది విజయనగరంలో, ఆ రామరాయల నీడలోనే. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము' అంకితమిచ్చింది ఆ ఇబ్రహీంకే. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, తళ్లికోటలో తెలుగువాడు ఏ పక్షం? రామరాయల పక్షమా, మల్కిభరాముడి పక్షమా? కూలిన నగరం కోసం ఈరోజుకీ నాకు బాధే. హంపిలో విరిగిన రాళ్లు చూస్తే కళ్లు చెమ్మగిల్లుతాయి. కానీ ఆ బాధకు ఇప్పుడు మతం పేరు గానీ, భాష పేరు గానీ పెట్టలేను. ఒకే కొలువులో అన్నం తిన్న మనుషులు రాజ్యం కోసం ఒకరి మీద ఒకరు కత్తి దూసిన కథ అది.

మన ఊరి పేరే ఇంటిపేరైన రూపనగుడి నారాయణరావుగారు కవి, నాటకకర్త. అలాంటి పేరున్న ఊళ్లో పుస్తకం లేని సంఘం ఉండకూడదు. ఒక బీరువా పెడదాం. అందులో తెలుగు పుస్తకం పక్కన కన్నడ పుస్తకం, సూయెల్ పక్కన ఈటన్ ఉండాలి. రాయలు ఎవరివాడో పిల్లలే చదివి తేల్చుకుంటారు.