కోసి అతికించిన సైన్యాలు

బల్ల మీద కొండా నదీ అమర్చి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి, జరిగిపోయిన యుద్ధాలను మళ్లీ ఆడే వార్‌గేమింగ్‌కు బ్రిటన్‌లో వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ ఆటకు ఇవాళ కనురెప్పలు కూడా కనిపించేంత నాజూకైన బొమ్మలు దొరుకుతున్నాయి. అయినా అక్కడి పెద్దవయసు ఆటగాళ్లు 1960ల నాటి ఎయిర్‌ఫిక్స్ ప్లాస్టిక్ సైనికుల పాత పెట్టెల కోసం వెతుకుతూనే ఉంటారు. ఇది చిన్ననాటి మీద బెంగ అని తేల్చేయడం సులువే గానీ, అందులో సగమే నిజం ఉంది. ఆ రోజుల్లో కావలసిన సైనికుడు కొట్లో దొరికేవాడు కాదు, దొరికినవాణ్ని కోసి, అతికించి, రంగులేసి కావలసినవాడిగా మార్చుకోవాలి. వాళ్ల మమకారంలో పెద్ద వాటా ఆ చేతిపనిది. ఆ పనిని నేర్పింది కొరత.

అంతకుముందు ఈ ఆట కలిగినవాళ్లది. 1893లో విలియం బ్రిటన్ సంస్థ లోపల డొల్లగా ఉండే సీసపు బొమ్మలను పోతపోసే పద్ధతి కనిపెట్టి ధర తగ్గించింది. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో ఆటకు నియమాలు రాసింది అలాంటి బొమ్మలనూ, స్ప్రింగుతో పేలే బుల్లి ఫిరంగులనూ దృష్టిలో పెట్టుకునే. కానీ ఆయన ఆటకు విశాలమైన గది కావాలి, ఫిరంగి దెబ్బకు పడిపోయేటన్ని సీసపు బొమ్మలు కావాలి. హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో పెట్టిన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ, 1959లో రాచ కాపలా దళం, దాని బ్యాండు మేళం బొమ్మలను పాలిథీన్‌తో పోసి చిన్న పెట్టెల్లో అమ్మకానికి పెట్టడంతో ఈ లెక్క మారిపోయింది. అంగుళం కూడా లేని మనుషులు, పెట్టెకు దాదాపు నలభై మంది, బడిపిల్లవాడి చేతిఖర్చుకు అందే ధర. రెండు మూడు పెట్టెలు కొంటే ఒక పటాలం, వంటింటి బల్లే రణరంగం. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ పుస్తకం తెచ్చేనాటికి దాన్ని చదివి ఆడగలిగే కుర్రకారు తయారుగా ఉంది.

అయితే ఎయిర్‌ఫిక్స్ ఏ యుద్ధాన్నీ పూర్తిగా అందించలేదు. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధపు బొమ్మల వరస ఒక్కో పెట్టెగా ఏళ్లతరబడి సాగింది. ఆ యుద్ధాన్ని తేల్చిన ప్రష్యా పదాతి బాగా ఆలస్యంగా వచ్చింది. ఇక అసలు ఏ పెట్టెకూ నోచుకోని యుద్ధాలు ఎన్నో! వాటికి ఉన్న బొమ్మలనే మార్చుకోవాలి. అమెరికా అంతర్యుద్ధం బొమ్మ నెత్తిన ఉన్న టోపీ 1870 నాటి ఫ్రెంచి సిపాయి టోపీకి దగ్గరగా ఉంటుంది. ప్యాంటుకు ఎర్రరంగు, కోటుకు నీలిరంగు వేస్తే అతడు ప్రష్యాతో పోరాడే ఫ్రెంచివాడవుతాడు. ఆ సంగతి తెలియాలంటే లైబ్రరీకి వెళ్లి యూనిఫాంల పుస్తకాలు తిరగేయాలి. అలా ఒక్క టోపీ కోసం మొదలైన వెతుకులాట చాలామందిని చరిత్ర పాఠకులను చేసింది. చేతిపని కూడా తేలిక కాదు. పాలిథీన్‌కు మామూలు జిగురు అంటదు. తల మార్చాలంటే మెడ దగ్గర బ్లేడుతో కోసి, సన్నటి గుండుసూది దిగ్గొట్టి, దాని మీద కొత్త తల గుచ్చాలి. రంగు వేసేముందు అచ్చు జిడ్డు పోయేలా సబ్బునీళ్లలో కడగాలి. ఇంత చేసినా తుపాకీ కాస్త వంగితే చాలు, రంగు పెచ్చులుగా లేచిపోతుంది. ఉన్నదాన్ని మలచుకునే ఈ అలవాటు అమెరికాలో ఏకంగా కొత్త ఆటకే దోహదం చేసింది. 1974లో మొదలైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో తర్వాత పేరుపడ్డ రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్ లాంటి వింతజీవులు ఆ ఆట రూపకర్త గ్యారీ గైగాక్స్ బృందం వాడుకున్న చవక హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మల నుంచి పుట్టినవే.

ఆ బొమ్మలు నాసిగా ఉండేవి, వాటిని నెత్తికెత్తుకోవడం ఎందుకని కొందరు అంటారు. నాసివే, కాదనను. ముఖాలు మొద్దుగా ఉండేవి, కొందరి కత్తులు నాలికల్లా వంగిపోయేవి. కానీ ఆ లోపం వల్లే వాటిని కోయడానికి ఎవరికీ చెయ్యి వణకలేదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఇప్పుడూ చవక ప్లాస్టిక్ పెట్టెలు వస్తున్నాయి, ఇంట్లోనే త్రీడీ ప్రింటర్‌తో కావలసిన సిపాయిని అచ్చువేసుకోవచ్చు, మరి పాతకాలం గొప్పేమిటి? సౌకర్యం పెరగడం మంచిదే, కొత్తవాళ్లకు దారి తెరుచుకుంది. అయినా కావలసిన రెజిమెంటు కావలసిన భంగిమలో దొరికినప్పుడు, దాని కోటు గుండీల రంగేమిటో వెతకాల్సిన అవసరం ఆటగాడికి తప్పిపోతుంది. ఆ వెతుకులాటకు విలువ ఉందనే నా వాదన.

యుద్ధాన్ని పిల్లల ఆటగా చేశారన్న అభ్యంతరం మరీ బరువైనది. విలియం బ్రిటన్ సంస్థ సీసపు పెట్టెల్లో మద్రాస్ దేశీ పదాతి కూడా ఉంది. తెలుగువాళ్లు ఎందరో పనిచేసిన సైన్యమది. వలస సామ్రాజ్యం తన బలగాన్ని పిల్లల గదిలోనూ వరసగా నిలబెట్టి మురిసిపోయిందన్నది నిజం. ఆ మరకను దాచనక్కర్లేదు. కానీ నియమాలు రాసిన వెల్సే తన పుస్తకం చివర్లో ఆట యుద్ధాన్ని అసలు యుద్ధం పక్కన పెట్టి, అసలుది ఎంత మూర్ఖమైనదో చెప్పాడు. ఫెదర్‌స్టోన్ రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి వచ్చినవాడు. యుద్ధమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఈ ఆటను పెంచారు. ఆట మనుషులను యుద్ధానికి ఎగదోస్తుందనడానికి వాళ్ల జీవితాలు సాక్ష్యం ఇవ్వవు.

ఎయిర్‌ఫిక్స్ మాతృసంస్థ 1981లో దివాలా తీసింది. పేరు చేతులు మారి 2006లో హార్న్‌బీ అనే బొమ్మల కంపెనీకి చేరింది. పాత పాలిథీన్ బొమ్మలు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతాయి, వేలితో వంచితే కాలు విరిగి చేతిలోకి వస్తుంది. సేకర్తల సంతలో విప్పని పెట్టెకు ఎక్కువ ధర, రంగేసి తల మార్చిన బొమ్మకు తక్కువ ధర. చరిత్రకు పనికొచ్చే కొలత దీనికి తలకిందులుగా ఉండాలి. విప్పని పెట్టె కంపెనీ సంగతి చెబుతుంది, కోసిన బొమ్మ దాన్ని వాడిన మనిషి ఏం చదివాడో, ఏం ఊహించాడో చెబుతుంది. ఆ తరం ఆటగాళ్ల అట్టపెట్టెలు ఇప్పుడు వారసుల చేతికీ, వేలంపాటకూ వస్తున్నాయి. అవి చేతికందినవాళ్లు బొమ్మల మీది పాత రంగును గీకి కొత్తవిగా చేయవద్దు. ఎండ తగలకుండా, మెడలోని గుండుసూదితో సహా, ఉన్నవి ఉన్నట్టే దాచండి.