'జెంటూ' శబ్ద విచారము

18 వ శతాబ్దినాటి కుంఫిణీ లేఖలను పరిశీలించువారికి తెలుగువారిని, తెలుగు భాషను పేర్కొనుచు 'జెంటూ' అను శబ్దము తఱచుగా కానవచ్చును. నేడు ఆంగ్లమునందును ఇది మఱుగుపడిన మాట. ఇది మన జాతికి పేరెట్లయ్యెనో, ఎట్లు తొలగెనో విచారింతము.

దీనికి మూలము పోర్చుగీసు 'జెంతియు' శబ్దము. అది లాటిను 'జెంతీలిస్' నుండి వచ్చినది. దాని ప్రకృతి 'జెన్స్', అనగా వంశము, జాతి. మర్యాదను తెలుపు ఆంగ్ల 'జెంటిల్' శబ్దమునకును ఇదియే పుట్టుక. క్రైస్తవ వాఙ్మయమున దీనికి అన్యమతస్థుడను అర్థము సంక్రమించెను. పోర్చుగీసువారు ఈ దేశమున ముసల్మానులను 'మోరో' లనియు, హిందువులను 'జెంతియు' లనియు వ్యవహరించిరి. ఆంగ్లేయులు వారినుండియే దీనిని గ్రహించిరి.

1776 లో హాల్హెడ్ ప్రకటించిన 'జెంటూ' ధర్మశాస్త్రమునందు ఈ పదమునకు హిందువు అనియే అర్థము. చెన్నపట్టణమున మాత్రము 'మలబారు' అనగా తమిళము, 'జెంటూ' అనగా తెలుగు. ఈ అర్థసంకోచమునకు కారణమేమి? పోర్చుగీసువారు వచ్చునప్పటికి దక్షిణాపథమున విజయనగర ప్రభుత్వము ప్రబలముగా నుండెను. అచట తెలుగునకు ప్రాభవము మెండు. కావున హిందూ ప్రభువులకు చెల్లిన పేరు తెలుగువారియందు నిలిచెను. 1886 లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన నిఘంటువునందును ఇట్టి ఊహ కలదు. మాకును ఇది సమంజసముగా తోచుచున్నది.

ఆ కాలముననే వేఱొక వ్యవహారము కలదనుటకు సామర్లకోట సాక్ష్యము. వైద్యుడు విలియం రాక్స్‌బరో 1781 లో ఇచట నియుక్తుడై, పరిసరముల ఓషధులను పరిశోధించి, మిరియపు తోటలు వేయించెను. 1793 లో కలకత్తా వృక్షవాటికకు అధికారియై వెడలెను. 1795 నుండి వెలువడిన అతని కోరమాండల్ తీర వృక్ష గ్రంథమునందు దేశ్యనామములను 'తెలింగ' నామములుగా పేర్కొనెను. సోమిద మ్రాను పేరునుండియే 'సోయ్‌మిడా' అను వృక్షశాస్త్రనామము ఏర్పడినది. కచేరిలో వ్రాసినవారు మతమునుబట్టి మనకు పేరు పెట్టిరి; చెట్టు పేరడిగినవాడు మన పేరును వినెను.

1816 లో కాంబెల్ తన వ్యాకరణమునకు, సామాన్యముగా జెంటూ అనబడు తెలుగు భాషా వ్యాకరణమని పేరిడెను. తెలుగు సంస్కృతజన్యము కాదని ఎల్లిస్ నిరూపించినది ఆ గ్రంథపు పీఠికయందే. మఱుసటి యేడు విలియం బ్రౌను వ్యాకరణము 'జెంటూ' పేరుతోనే వెలువడినను, 1852 నాటి సి. పి. బ్రౌను నిఘంటువు తెలుగు పేరుతోనే ప్రసిద్ధమయ్యెను.

కావున పరిశోధకులు ప్రాచీన పట్టికలయందు 'తెలుగు' అను పేరును మాత్రమే వెదకినచో మన సామగ్రి కొంత జాఱిపోవును. 'జెంటూ' అన్నదెల్ల తెలుగేయని తలచినచో పరుల సొత్తు మనదగును. వ్రాసిన చోటును, కాలమును చూచియే అర్థమును నిర్ణయింపవలెను.