మెట్ల వీధులు: పిట్స్‌బర్గు నగర చరిత్రలో ఒక మరువబడిన అధ్యాయము

పట్టణముల చరిత్రలు వ్రాయువారు కోటలను, కర్మాగారములను, గొప్ప కట్టడములను గూర్చి విస్తారముగా వ్రాయుదురు. సామాన్య జనులు ప్రతిదినము నడిచిన దారులను గూర్చి వ్రాయుట అరుదు. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమందు అట్టి దారులు కొండల ప్రక్కన మెట్లుగా నేటికిని నిలిచియున్నవి. వాటిలో అనేకము ఇప్పుడు పాడుపడినవి. అవి ఎందుకు కట్టబడెనో, ఎందుకు విడువబడెనో మనము ఆలోచించినయెడల ఆ నగర ప్రజల జీవిత చరిత్ర అంతయు తెలియును.

అల్లెగెనీ, మోనాంగహీలా అను రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారుచోట ఈ నగరమున్నది. నదుల ఒడ్డున సన్నని చదును నేల, దాని వెనుక నిటారైన కొండలు గలవు. కొండలలో బొగ్గు దొరికెను. నదులమీద సరకులు చేరవేయుట సులభమాయెను. కావున 19వ శతాబ్దములో ఇనుము, ఉక్కు కర్మాగారములు ఏటి ఒడ్డు నేలను ఆక్రమించెను. జర్మనీ, పోలండు మొదలైన దేశములనుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన కార్మికులకు ఇండ్లు కట్టుకొనుటకు కొండవాలులే మిగిలెను. విజయవాడ కొండలమీద కాపురముండు కుటుంబములకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కొండ ఎక్కుటకు వాలు పట్టాలమీద తాళ్లతో లాగబడు బండ్లు ఏర్పడెను. 1870లో మోనాంగహీలా ఇన్‌క్లైన్, 1877లో డ్యూకేన్ ఇన్‌క్లైన్ ప్రారంభమాయెను. ఈ రెండును నేటికిని నిలిచియున్నవి. అయితే ఆ బండి యెక్కుటకు డబ్బు చెల్లించవలెను. మెట్లకు చెల్లింపవలసినది కాళ్ల సత్తువ మాత్రమే. మొదట కొయ్యతోను, 20వ శతాబ్దములో కాంక్రీటుతోను ఈ మెట్లు కట్టబడెను. బండి పోజాలని వాలులో నగరపు పటములు వీధి యని గీసినచోట మెట్లే వీధియాయెను. వాటికి వీధి పేర్లు, ఇరుప్రక్కల ఇండ్లకు నంబరులు గలవు. ఆ యిండ్లవారు ఉప్పు, పప్పు మొదలుకొని మంచముల వరకు సమస్తమును మోసికొని ఎక్కవలసినదే.

కార్మికులు తమ ప్రార్థనాలయములను కూడ ఈ వాలులలోనే కట్టుకొనిరి. పోలిష్ హిల్ అను పేటలో, రోమాలోని పరిశుద్ధ పేతురు దేవాలయమును మాదిరిగా తీసికొని కట్టిన గుమ్మటపు దేవాలయము 1905లో ప్రతిష్ఠింపబడెను. వారమంతయు పనికి దిగిన కాళ్లే ఆదివారమున ఆరాధనకు నడిచెను.

పిమ్మట కాలము మారెను. కార్లు, బస్సులు వచ్చెను. 1970, 1980 దశకములలో ఉక్కు పరిశ్రమ కూలిపోగా వేలాది కుటుంబములు ఊరు విడిచిపోయెను. 1950లో 6,76,806గా నున్న నగర జనాభా 2020 నాటికి 3,02,971కి తగ్గెను. కొన్నిచోట్ల మెట్లకు పైనను క్రిందను ఉన్న ఇండ్లు కూల్చబడి, మెట్లు మాత్రము అడవిలోనికి పోవుచున్నవి. శీతకాలమున పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి కాంక్రీటును చీల్చును. మంచు కరుగుటకు చల్లు ఉప్పువలన లోపలి ఇనుప కడ్డీలు త్రుప్పుపట్టును. కొండవాలు జారినప్పుడు మెట్లవరుస యంతయు ఒరిగిపోవును. తుదకు అడ్డుకట్టి మూసివేయుట తప్ప మార్గముండదు.

ఇట్టి స్థితిలో బాబ్ రీగన్ అను పరిశోధకుడు పేటపేట తిరిగి ఈ మెట్లను లెక్కించెను. 2004లో అచ్చైన ఆయన గ్రంథము ప్రకారము 712 వరుసలు, 44,645 మెట్లు గలవు. వాటి ఎత్తులన్నిటిని కలిపినయెడల 24,090 అడుగులగును. ఎవరెస్టు శిఖరమునకు ఇంచుమించు అయిదువేల అడుగులే తక్కువ! లెక్క తేలిన పిమ్మట జనులకు వాటి విలువ తెలిసెను. 2017లో నగరపాలకులు మెట్ల మరమ్మతునకు ప్రత్యేక ప్రణాళిక సిద్ధపరచిరి.

అన్నిటిని బాగుచేయుటకు డబ్బు చాలదు. కావున దేనిని నిలుపవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న వచ్చును. మెట్ల అందమును బట్టి తీర్పు చెప్పుట సులభము. కాని కారు లేని వృద్ధురాలు బస్సు యెక్కుటకు దిగివచ్చు దారి యేది, బడిపిల్లలు నడుచు దారి యేది అని మొదట విచారించుట న్యాయము. ఒక మెట్టు విరిగినయెడల ఆరోగ్యవంతునికి కొంత చుట్టుదారి యగును. బలహీనునికి ఇంటి వాకిలి మూసినట్లే యగును.

మన అధ్యక్ష మండలము నూరేండ్ల చరిత్రను వ్రాసికొనుచున్న ఈ సమయమున దీనినుండి మనము నేర్చుకొనవలసినది కలదు. దేవాలయముల శంకుస్థాపన తేదీలు మన రిజిష్టరులలో నున్నవి. వాటికి జనులు నడచివచ్చిన పొలము గట్లు, కాలువ దాట్లు, కొండదారులు ఏ పుస్తకములోను లేవు. అవి తెలిసిన పెద్దలు ఇంకను కొందరు మన మధ్యనున్నారు. ప్రతి సంఘమువారును ఈ సంవత్సరమే వారియొద్ద కూర్చుండి, ఆ దారుల పేర్లు అడిగి వ్రాసికొందుము గాక.