మెట్రోపాలిటన్ టాబర్నకిల్: వాక్యం వినడానికి కట్టిన మందిరం

మన బోధకుల్లో చాలామంది చార్లెస్ స్పర్జన్ ప్రసంగాలు చదివినవారే. ఆయన ముప్ఫై ఏళ్లు ప్రసంగించిన మందిరం గురించి తెలిసినవారు తక్కువ. మందిర నిర్మాణానికి పూనుకొనే ప్రతి సంఘమూ తెలుసుకోదగిన విషయాలు అందులో ఉన్నాయి.

1854లో లండన్‌లోని న్యూ పార్క్ స్ట్రీట్ బాప్టిస్టు సంఘానికి స్పర్జన్ కాపరిగా వచ్చేనాటికి ఆయన వయస్సు 19 సంవత్సరాలే. కొద్దికాలానికే ఆ మందిరం జనానికి చాలలేదు. అద్దె హాళ్లలో ఆరాధనలు జరిపారు. 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో కిక్కిరిసిన జనం మధ్య ఎవరో "నిప్పు" అని కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు మరణించారు. ఆ వేదన స్పర్జన్‌ను జీవితాంతం వెంటాడింది. సంఘానికి సొంత మందిరం ఎంత అవసరమో అందరికీ అర్థమైంది.

థేమ్స్ నదికి దక్షిణాన, ఎలిఫెంట్ అండ్ క్యాజిల్ దగ్గర స్థలం దొరికింది. 1859 ఆగస్టులో సర్ శామ్యూల్ మోర్టన్ పీటో పునాదిరాయి వేశారు. శిల్పి విలియం విల్మర్ పోకాక్.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో గోతిక్ శైలి రాజ్యమేలుతోంది. కోసుగా లేచిన తోరణాలు, ఆకాశాన్నంటే శిఖరాలు ఉంటేనే అది దేవాలయమని చాలామంది భావించేవారు. స్పర్జన్ ఒప్పుకోలేదు. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడింది కాబట్టి మందిరమూ గ్రీకు శైలిలోనే ఉండాలన్నారు. అందుకే ముఖద్వారం ఎదుట ఆరు కొరింథు శైలి స్తంభాలు, వాటిపై త్రికోణపు కప్పు వెలిశాయి.

లోపల హాలు 146 అడుగుల పొడవు, 81 అడుగుల వెడల్పు, 62 అడుగుల ఎత్తు. చుట్టూ రెండు అంతస్తుల గాలరీలు. సుమారు 5,500 మంది కూర్చోవచ్చు. మైకులు లేని రోజులవి. బోధకుని స్వరం చివరి వరుసవరకు చేరాలి, ఆయన ముఖం అందరికీ కనబడాలి. గాలరీల వల్ల అంత జనమూ ఆయనకు దగ్గరగా కూర్చోగలిగారు. బలిపీఠం ఉండే చోట ప్రసంగ వేదిక, దాని ముందు బాప్తిస్మపు తొట్టి ఉన్నాయి. స్పర్జన్ కాలంలో ఆర్గాన్ లేదు, సంఘం గొంతెత్తి పాడేది. వినుట వలన విశ్వాసం కలుగుతుందని రోమా పత్రిక 10వ అధ్యాయం బోధిస్తుంది. ఆ సత్యానికి ఇటుకతో, రాతితో ఇచ్చిన రూపమే ఈ హాలు.

నేల అంతస్తు కింద మరో లోకం ఉండేది. సుమారు 900 మంది పట్టే ఉపన్యాస మందిరం, దాదాపు 1,000 మంది పిల్లలకు సరిపడే సండే స్కూలు గది అక్కడే ఉన్నాయి. స్పర్జన్ స్థాపించిన కాపరుల కళాశాల తరగతులు కూడా కొన్నేళ్లు ఆ గదుల్లోనే జరిగాయి.

ఖర్చు 31 వేల పౌండ్లు దాటింది. స్పర్జన్ ఊరూరా ప్రసంగించి కానుకలు సేకరించారు. 1861 మార్చిలో తలుపులు తెరిచేనాటికి ఒక్క పౌను అప్పు కూడా లేదు.

1898లో మందిరం అగ్నికి ఆహుతైంది, 1900లో మళ్లీ తెరిచారు. 1941లో యుద్ధకాలపు బాంబుదాడిలో మళ్లీ కాలిపోయింది. 1957లో ఇప్పుడున్న చిన్న హాలు కట్టారు. పాత కట్టడంలో మిగిలినవి ముందరి స్తంభాల మంటపం, నేలమాళిగ.

నేడు మన పట్టణాల్లో మందిరాలు లేస్తున్నాయి. ఎత్తైన గోపురానికి అప్పు తెస్తాం, పిల్లలకు మాత్రం చెట్టు కింద చాప వేస్తాం. పెద్ద స్పీకర్లు పెడతాం, ప్రతిధ్వనిలో వాక్యం అర్థం కాదు. వందలమంది కూడే చోట బయటికి దారి ఒక్కటే ఉంటుంది. ప్లాను మేస్త్రీ చేతికి ఇచ్చే ముందే సంఘపెద్దలు నాలుగు మాటలు అడగాలి: వెనుక కూర్చున్న ముసలమ్మకు వాక్యం వినబడుతుందా? పిల్లలకు గది ఉందా? ఆపద వస్తే అందరూ క్షేమంగా బయటపడగలరా? ప్రతిష్ఠ నాటికి అప్పు తీరుతుందా?

గోపురం ఎత్తు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.