కారు లోపలి ప్లాస్టిక్ భాగాలకు తిరిగి రంగు వేయడం

కారు లోపలి ప్లాస్టిక్ భాగాలకు తిరిగి రంగు వేయడం అనగా వాడకం వలన అరిగిన, వెలిసిన లేదా జిగురెక్కిన భాగాలను శుభ్రపరచి వాటిపై కొత్త పూత వేసే ప్రక్రియ. డాష్‌బోర్డు, డోర్ ప్యాడ్లు, గేరు లివరు చుట్టూ ఉండే కన్సోలు, తలుపుల చేతిపిడులు, ఏసీ గాలి జాలీలు మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. కొత్త భాగం మార్కెట్లో దొరకనప్పుడు, లేదా దాని ధర ఎక్కువగా ఉన్నప్పుడు ఈ పద్ధతిని అనుసరిస్తారు. పూత ఎంతకాలం నిలుస్తుందనేది రంగు నాణ్యత కంటే ప్లాస్టిక్ రకంపైన, రంగుకు ముందు చేసే తయారీపైన ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ మూతల వంటి కొన్ని భాగాలకు ఎట్టి పరిస్థితులలోను రంగు వేయరాదు.

అరుగుదలకు కారణాలు

కారు లోపలి ప్లాస్టిక్ చెడిపోవడానికి ముఖ్య కారణాలు వేడి, వెలుతురు, చేతుల రాపిడి. 2018లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో వేసవిలో జరిపిన ఒక పరిశీలనలో, గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డాష్‌బోర్డు ఉష్ణోగ్రత సగటున సుమారు 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్లు తేలింది. ప్రతి వేసవిలోను ఇంత వేడికి గురయ్యే ప్లాస్టిక్ క్రమంగా రంగు వెలిసి, పెళుసుబారుతుంది. చేతులు తరచుగా తగిలే చోట్ల చెమట, చర్మంపైని నూనె పూతను మెత్తబరుస్తాయి.

భాగం తయారైన విధానాన్ని బట్టి అరుగుదల కనిపించే తీరు మారుతుంది. ప్లాస్టిక్ ముద్దలోనే రంగు కలిపి పోతపోసిన భాగంపై గీత పడినా లోపల అదే రంగు ఉంటుంది. పైన మాత్రమే పూత వేసిన భాగంలో, ఉదాహరణకు వెండి రంగు పట్టీలలో, పూత లేచిపోయిన చోట అడుగున ఉన్న నల్లని ప్లాస్టిక్ బయటపడుతుంది.

మూడవ రకం జిగురెక్కడం. 1990లు, 2000లలో తయారైన అనేక ఐరోపా కార్లలో, తాకితే రబ్బరు వలె మెత్తగా ఉండేందుకు మీటలపైన, పిడులపైన పాలీయురేథేన్ పూత వేశారు. గాలిలోని తేమ వలన కొన్ని సంవత్సరాలకు ఈ పూతలోని అణుబంధాలు తెగి అది జిగటగా మారుతుంది. దీనిని జలవిశ్లేషణ అంటారు. వేడి, తేమ కలిసిన చోట ఈ మార్పు త్వరగా జరుగుతుంది. జిగురెక్కిన పూతను పూర్తిగా తొలగించకుండా దానిపై కొత్త రంగు వేస్తే అది నిలువదు.

ప్లాస్టిక్ రకాలు

సాధారణంగా భాగం వెనుక వైపు దాని ప్లాస్టిక్ పేరు సంక్షిప్తంగా అచ్చువేసి ఉంటుంది. ఈ గుర్తులకు ఐ.ఎస్.ఓ. 11469 ప్రమాణం ఆధారం. ఉదాహరణకు "పి.పి.-టి.డి.20" అని ఉంటే, అది 20 శాతం టాల్కు పొడి కలిపిన పాలీప్రొపిలీన్ అని అర్థం.

పాలీప్రొపిలీన్ (పి.పి.): డోర్ ప్యాడ్లు, డాష్‌బోర్డులకు విరివిగా వాడతారు. చవకైనది, తేలికైనది, కాని రంగును పట్టుకోదు. ఒక ద్రవం ఘనపదార్థంపై చక్కగా పరచుకోవాలంటే ద్రవపు తలతన్యత ఆ పదార్థపు ఉపరితల శక్తి కంటే తక్కువగా ఉండాలి. పాలీప్రొపిలీన్ ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు మాత్రమే. నీటి తలతన్యత 72. అందువలన దానిపై నీరు తామరాకు మీది బొట్టువలె విడిగా నిలుస్తుంది. పైగా దాని అణువులు కేవలం కార్బన్, హైడ్రోజన్‌లతో ఏర్పడినవి కావడం వలన రంగు అణువులను గట్టిగా ఆకర్షించవు. మామూలు రంగు మొదట అంటుకున్నట్లు కనిపించినా, కొద్ది రోజులలోనే గోటితో గీరితే పొరగా లేచివస్తుంది.

ఎ.బి.ఎస్.: కన్సోలు, అలంకార పట్టీలు, జాలీలకు వాడతారు. ఉపరితల శక్తి ఎక్కువ కనుక రంగు బాగా పడుతుంది. అయితే అసిటోన్, ఘాటైన థిన్నర్లు దీనిని కరిగిస్తాయి.

విధానం

1. ఊడదీయడం: వీలైనంతవరకు భాగాన్ని ఊడదీసి రంగు వేయడం మంచిది. ఇనుప స్క్రూడ్రైవరు గాట్లు పెడుతుంది కనుక ప్లాస్టిక్ పనిముట్లు వాడాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు సమీపంలో పనిచేసే ముందు బ్యాటరీ రుణ ధ్రువపు తీగను విప్పి, తయారీదారు సూచించినంత సేపు ఆగాలి. బ్యాటరీ విప్పిన తరువాత కూడా ఆ వ్యవస్థలోని కెపాసిటరులో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది.

2. శుభ్రపరచడం: మొదట సబ్బు నీటితో కడిగి, ఆరిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. డాష్‌బోర్డు పాలిష్‌లలో ఉండే సిలికోన్ మిగిలిపోతే రంగు ఆ చోట చేపకన్ను ఆకారంలో గుంటలుగా విడిపోతుంది. ప్రతి సారి శుభ్రమైన గుడ్డనే వాడాలి.

3. గరుకు చేయడం: నునుపైన భాగాన్ని 400, ఆపై 600 నంబరు ఉప్పు కాగితంతో (గరుకు కాగితం) తేలికగా రుద్దాలి. తోలు వంటి గరుకు నమూనా ఉన్న భాగంపై ఉప్పు కాగితం వాడితే ఆ నమూనా చెరిగిపోతుంది. అటువంటి చోట గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు సరిపోతుంది. తరువాత మరల ఆల్కహాలుతో తుడవాలి.

4. అంటు పూత: పాలీప్రొపిలీన్‌కు ఇది తప్పనిసరి. ఈ పూతలలో సాధారణంగా క్లోరిన్ చేర్చిన పాలీఒలిఫిన్ ఉంటుంది. దానిలోని ఒక భాగం ప్లాస్టిక్‌తోను, మరొక భాగం రంగుతోను కలిసి రెంటికీ వంతెనగా పనిచేస్తుంది. కర్మాగారాలలో ఇదే ప్రయోజనానికి ప్లాస్టిక్ ఉపరితలాన్ని క్షణకాలం మంటతో తాకించే పద్ధతి కూడా ఉంది. ఎ.బి.ఎస్.కు ప్లాస్టిక్ ప్రైమరు చాలు.

5. రంగు: స్ప్రే డబ్బాను 20 నుండి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని, మూడు నాలుగు పలుచని పూతలు వేయాలి. పూతకు, పూతకు మధ్య 10 - 15 నిమిషాలు, లేదా డబ్బాపై సూచించినంత సేపు ఆగాలి. ఒకేసారి మందంగా వేస్తే రంగు కారుతుంది, గరుకు నమూనా పూడిపోతుంది.

6. ఆరడం: గంటలో చేతికి అంటకుండా ఆరినా, పూత పూర్తిగా గట్టిపడటానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకు భాగాన్ని బిగించరాదు.

మొదట కనబడని చోట చిన్న ముక్కపై వేసి చూడటం ఉత్తమం. ఆరిన పూతపై బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, టేపు అంటించి లాగినప్పుడు రంగు ఊడిరాకుంటే తయారీ సరిగా జరిగినట్లు.

రంగు వేయకూడని భాగాలు

ఎయిర్‌బ్యాగ్ మూతలు: భారతదేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుండి తప్పనిసరి అయింది. ముందు సీటు ప్రయాణికుని ఎయిర్‌బ్యాగ్‌ను 2021లో తప్పనిసరి చేశారు. ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ కాలంలో విచ్చుకుంటుంది. అందుకు దాని మూత ముందుగా నిర్ణయించిన పలుచని గీత వెంట చీలాలి. ఆ గీతపై రంగు పేరుకుంటే, లేదా థిన్నరు వలన ప్లాస్టిక్ పెళుసుబారితే మూత చీలే తీరు మారవచ్చు. పెచ్చులు ముఖంపైకి ఎగరవచ్చు. "ఎస్.ఆర్.ఎస్." లేదా "ఎయిర్‌బ్యాగ్" అని రాసి ఉన్న మూత పాడైతే దానిని మార్చడమే మార్గం.

డాష్‌బోర్డు పైభాగం: దీనికి మెరిసే రంగు గాని, లేత రంగు గాని వేస్తే ముందు అద్దంలో దాని ప్రతిబింబం పడి రోడ్డు సరిగా కనిపించదు. మెరుపు లేని ముదురు రంగు మాత్రమే తగినది.

వెలిగే మీటలు: అనేక మీటలలో తెల్లని ప్లాస్టిక్‌పై నల్ల రంగు వేసి, గుర్తు ఉన్న మేరకు రంగును లేజరుతో తొలగిస్తారు. తిరిగి రంగు వేస్తే గుర్తు మూసుకుపోయి రాత్రి వేళ కనిపించదు.

సీటు బెల్టు, దాని బకిల్, పెడళ్ళు కూడా ఈ జాబితాలోనివే.

వాతావరణం, ఆరోగ్యం

వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వేసిన లాకరు రంగు తెల్లబారుతుంది. ద్రావణి ఆవిరి అవుతూ ఉపరితలాన్ని చల్లబరచడం వలన తేమ దానిపై చేరడమే దీనికి కారణం. నడివేసవి ఎండలో రంగు ప్లాస్టిక్‌ను చేరకముందే ఆరి పొడిగా పడుతుంది. కనుక తెలుగు ప్రాంతాలలో శీతాకాలపు పొడి రోజులు ఈ పనికి అనుకూలం.

ద్రావణి ఆవిరులు మండే స్వభావం కలవి. కారు లోపల కూర్చొని గాని, మూసిన గదిలో గాని స్ప్రే చేయరాదు. సమీపంలో నిప్పు ఉండరాదు. గట్టిపరచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల పాలీయురేథేన్ రంగులలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి ఉబ్బసాన్ని కలిగించగలవు. మామూలు గుడ్డ మాస్కు వీటిని ఆపలేదు. అటువంటి రంగులను తగిన శ్వాసరక్షణ పరికరాలు గల పెయింటింగ్ షెడ్లకే వదలడం మంచిది.

ప్రత్యామ్నాయాలు

మాసిపోయిన భాగం చాలాసార్లు శుభ్రపరచడంతోనే బాగుపడుతుంది. జిగురు పూతను ఆల్కహాలుతో పూర్తిగా తొలగించి, అడుగున ఉన్న ప్లాస్టిక్‌ను అలాగే వదలవచ్చు. చదునైన పట్టీలకు వినైల్ పొర అంటించవచ్చు. పాత కార్ల నుండి తీసిన భాగాలను అమర్చడం మరొక మార్గం. అయితే ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన వాటిని ఈ విధంగా కొనరాదు.

ఇవి కూడా చూడండి

పాలీప్రొపిలీన్
తలతన్యత
ఎయిర్‌బ్యాగ్